సరస్సు ఒడ్డున పాత లైట్‌హౌస్‌ను చదవడం ఎలా

డెట్రాయిట్, చికాగో, క్లీవ్‌లాండ్, టొరాంటో చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేసవిలో సరస్సు ఒడ్డుకు వెళ్లడం, అక్కడ ఒక పాత లైట్‌హౌస్ ముందు నిలబడి ఫోటో తీసుకోవడం కొత్త సంగతేమీ కాదు. గోడ మీది ఫలకంలో రెండు వాక్యాలు చదువుతారు, ఓపిక ఉంటే మెట్లెక్కి దిగుతారు, అక్కడ ఎవరో చెప్పిన దెయ్యం కథను తిరుగుదారిలో కారులో పిల్లలకు మళ్లీ చెబుతారు. అయితే ఆ కట్టడం సరిగ్గా అక్కడే ఎందుకు ఉంది, అందులో ఏ చమురు మండింది, దాన్ని కనిపెట్టుకొని ఉన్నది ఎవరు, చెప్పుకునే కథలో నిజం పాలు ఎంత అనే ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఆ ఆవరణలోనే దొరుకుతాయి. వాటిని ఏ వరుసలో వెతకాలో ఈ వ్యాసంలో చెబుతాను. నా సలహా మాత్రం మొదటే చెప్పేస్తున్నాను: దెయ్యాన్ని చివరికి ఉంచండి. స్థలం, గోడ, దీపం, చమురు, మనిషి, కాగితం, వీటన్నిటినీ చూసిన తరువాత కథ వింటే దాని రుచి తగ్గదు సరికదా, అది ఎక్కడి నుంచి పుట్టిందో కూడా తెలుస్తుంది.

సరస్సుకు లైట్‌హౌస్ ఏమిటని అనుకునేవారు మనలో చాలామందే ఉంటారు. చెరువులనూ కొల్లేరునూ చూసి పెరిగినవారికి దీపస్తంభం అంటే విశాఖపట్నంలోని డాల్ఫిన్స్ నోస్ కొండ వంటి సముద్రతీరమే గుర్తుకు వస్తుంది. ఉత్తర అమెరికాలోని అయిదు మహా సరస్సుల్లో ఒక్క సుపీరియర్ విస్తీర్ణమే సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో దాదాపు నాలుగింట మూడు వంతులు. ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే కావడం వల్ల గాలి లేచిందంటే అక్కడ అలలు ఒకదాని వెనుక ఒకటి దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. సముద్రంలో ఆరితేరిన సరంగులు కూడా వాటికి జంకేవారు. 1825లో ఈరీ సరస్సును న్యూయార్క్ వైపు నదితో కలిపిన ఈరీ కాలువ, 1855లో సుపీరియర్, హ్యూరన్ సరస్సుల మధ్య ఓడలను ఎక్కించి దించే సూ లాక్‌లు తెరుచుకున్న తరువాత ధాన్యం, కలప, బొగ్గు, ఇనుప ఖనిజం మోసే ఓడలు ఈ నీళ్ల మీద కిక్కిరిశాయి. సముద్రంలో తుపాను వస్తే ఓడ ఒడ్డుకు దూరంగా పారిపోవచ్చు, సరస్సులో పారిపోవడానికి చోటు ఉండదు, ఎటు వెళ్లినా కొన్ని గంటల్లో ఏదో ఒక ఒడ్డు ఎదురవుతుంది. ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకుంటే అక్కడ అన్ని దీపాలు ఎందుకు లేచాయో సగం అర్థమవుతుంది. అమెరికాలోని రాష్ట్రాలన్నిటిలోకీ లైట్‌హౌస్‌లు ఎక్కువగా ఉన్నది సముద్రమే లేని మిషిగన్‌లో.

బయలుదేరే ముందు: ఇక్కడే ఎందుకు?

మీరు చూడబోయే దీపం ఏ సంవత్సరంలో వెలిగిందో ముందుగా తెలుసుకొని, దానికి అయిదు నుంచి పదిహేను ఏళ్ల ముందు ఆ పరిసరాల్లో ఏ ఓడ మునిగిందో వెతకండి. చాలా సందర్భాల్లో ఆ రెండింటికీ నేరుగా సంబంధం ఉంటుంది, ఎందుకంటే ప్రభుత్వం డబ్బు మంజూరు చేయడానికి వట్టి అర్జీలు చాలేవి కావు.

చికాగో పక్కనున్న ఎవాన్‌స్టన్‌లోని గ్రోస్ పాయింట్ దీన్ని చక్కగా చూపిస్తుంది. 1860 సెప్టెంబరు 8 తెల్లవారుజామున లేడీ ఎల్జిన్ అనే ప్రయాణికుల ఓడ, అగస్టా అనే తెరచాప ఓడ ఢీకొనడంతో మిషిగన్ సరస్సులో మునిగిపోయి సుమారు 300 మంది చనిపోయారు. ఆ తీరంలో దీపం కావాలన్న కోరిక అప్పటి నుంచి బలపడింది. మధ్యలో అమెరికా అంతర్యుద్ధం వచ్చిపడింది. గ్రోస్ పాయింట్ దీపం చివరికి 1874లో వెలిగింది. చికాగోలో ఉండేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే దాని పాత కటకం ఇప్పటికీ దాని స్థానంలోనే ఉంది.

మినసోటాలోని స్ప్లిట్ రాక్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1905 నవంబరు చివర సుపీరియర్ మీద విరుచుకుపడిన తుపాను 29 ఓడలను దెబ్బతీసింది. వాటిలో మటాఫా అనే ఓడ డులూత్ రేవు ముఖద్వారంలోనే విరిగిపోగా, ఒడ్డున జనం నిస్సహాయంగా చూస్తుండగానే అందులోని తొమ్మిది మంది చలికి గడ్డకట్టి చనిపోయారు. దెబ్బతిన్న ఓడల్లో చాలావరకు ఉక్కు పరిశ్రమకు ఖనిజం మోసేవి కావడంతో కంపెనీల ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్లి పట్టుబట్టారు; 1907లో అమెరికా కాంగ్రెస్ 75,000 డాలర్లు మంజూరు చేసింది; 1910 జులై 31న దీపం వెలిగింది. పేద నావికులు ఎన్నాళ్లు అడిగినా కదలని ప్రభుత్వం, ఉక్కు కంపెనీలు అడిగితే రెండేళ్లలో కదిలిందన్నది గమనించవలసిన విషయమే. అప్పుడు ఆ కొండకు రోడ్డు లేదు. 1924 వరకు రాలేదు కూడా. ఇటుకలు, ఉక్కు, సిమెంటు, కటకం అన్నీ ఓడలో తెచ్చి, నిటారు కొండ కొమ్మున నిలిపిన క్రేన్‌తో నీటి మీది నుంచి పైకి లాగారు. అక్కడికి వెళ్లినప్పుడు కొండ కిందికి దిగి నీటి అంచు నుంచి ఒకసారి పైకి చూడండి. పైనుంచి తీసే ఫోటోల్లో ఆ శ్రమ కనబడదు.

బయట నిలబడి చూడవలసినవి

స్తంభం ఎత్తును చూసి మోసపోకూడదు. లెక్కకు వచ్చేది స్తంభం ఎత్తు కాదు, నీటి మట్టం నుంచి దీపం వరకు ఉన్న ఎత్తు. స్ప్లిట్ రాక్ స్తంభం చూడటానికి పొట్టిగా ఉంటుంది, కాని 130 అడుగుల కొండ మీద ఉండటం వల్ల దీపం సరస్సుకు 168 అడుగుల ఎత్తున ఉంటుంది. ఎత్తును అడుగుల్లో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.35తో గుణిస్తే, భూమి గుండ్రదనాన్ని దాటి ఆ దీపం నేరుగా కనబడగల దూరం మైళ్లలో సుమారుగా వస్తుంది. 168కి వర్గమూలం దాదాపు 13 కాబట్టి పదిహేడున్నర మైళ్లు. చూసే నావికుడి కన్ను నీటికి 15 అడుగుల ఎత్తున ఉంటే మరో అయిదు మైళ్లు కలుస్తుంది. అధికారికంగా ఆ దీపం 22 మైళ్లు కనబడుతుందని రాశారు, లెక్క సరిపోయింది. తొమ్మిది, పదో తరగతి పిల్లలు వెంట ఉంటే ఈ లెక్క వారి చేత చేయించండి. అరవై మైళ్ల దూరంలో కూడా ఆ వెలుగు చూశామని జాలరులు చెప్పుకునేవారట. దీపం నేరుగా కనబడటం అంత దూరంలో సాధ్యం కాదు, కాని మబ్బుల అడుగున మెరిసే దాని కాంతి కనబడటం సాధ్యమే. కాబట్టి వాళ్లు అబద్ధమాడారని అనలేం.

తరువాత రంగు చూడండి. అది అలంకారం కాదు. పగటిపూట దీపం పనికిరాదు కనుక స్తంభం రంగే గుర్తు; పక్కపక్క తీరాల్లోని స్తంభాలు ఒకేలా ఉండకూడదు. మిషిగన్ రాష్ట్రంలో లడింగ్టన్ దగ్గరి బిగ్ సేబుల్ పాయింట్ తెల్లటి ఒంటికి నడుమన నల్లటి పట్టీ కట్టుకొని కనబడుతుంది. హాలండ్ రేవులోని దీపాన్ని అందరూ ముద్దుగా 'బిగ్ రెడ్' అంటారు గాని, దాని ఎరుపు పురాతనమైనది కాదు. రేవులోకి వచ్చే ఓడకు కుడివైపున ఉన్న గుర్తు ఎర్రగా ఉండాలన్న నియమం ప్రకారం 1956లో వేసినది. పాత ఫోటో దొరికితే ఇలాంటి మార్పులు వెంటనే తెలుస్తాయి.

గోడను చేత్తో తాకి చూడండి. ఈరీ సరస్సు మీద ఒహాయోలోని మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్ స్థానికంగా దొరికే సున్నపురాతితో కట్టినది. 1822 నుంచి నేటి వరకు పనిచేస్తూ, మహా సరస్సుల అమెరికా వైపున ఎడతెగకుండా వెలుగుతున్న దీపాల్లో అన్నిటికంటే పాతదిగా నిలిచింది. బిగ్ సేబుల్ 1867 నాటి ఇటుక కట్టడం. గాలికీ ఇసుకకూ మంచుకూ ఇటుక పొరలు పొరలుగా రాలిపోవడంతో 1900లో దాని చుట్టూ ఇనుప రేకులు తొడిగి లోపల కాంక్రీటు నింపారు. అంటే ఇప్పుడు మనం చూసేది ఒక స్తంభం మీద తొడిగిన మరో స్తంభం.

నాసిరకం పని కూడా చరిత్రే. డెట్రాయిట్ నుంచి గంట పైచిలుకు ప్రయాణంలో ఉన్న పోర్ట్ హ్యూరన్‌లో ఫోర్ట్ గ్రేషియట్ లైట్‌హౌస్ ఉంది. 1825లో అక్కడ కట్టిన మొదటి స్తంభం మూడేళ్లకే కూలిపోయింది. దాని కాపరి, అంటే దీపాన్ని కనిపెట్టుకొని ఉండే ఉద్యోగి, జార్జ్ మెక్‌డూగల్ వృత్తిరీత్యా లాయరు, మంచి భారీ మనిషి. మెట్లు మరీ నిటారుగా ఉన్నాయని, పై గదిలోకి వెళ్లే తలుపు తన ఒంటికి పట్టడం లేదని, గోడలు బీటలిస్తున్నాయని అతడు ప్రభుత్వానికి మొరపెట్టుకున్నాడు. 1828లో స్తంభమే నేలకొరిగి అతడి మాట నిజమని తేల్చింది. 1829లో లేచిన రెండోది నేటికీ నిలబడి ఉంది, అదే మిషిగన్ రాష్ట్రంలో అన్నిటికంటే పాత లైట్‌హౌస్. దాన్ని కట్టిన లూషియస్ లయన్ తరువాత అమెరికా సెనేటర్ అయ్యాడు.

దీపపు గదిలో

ఎక్కనిచ్చే చోటైతే తప్పకుండా ఎక్కండి, పైకి వెళ్లాక దృశ్యానికి వీపు పెట్టి ముందు దీపాన్ని చూడండి. దృశ్యం ఎక్కడికీ పోదు.

తొలి రోజుల్లో ఈ గదుల్లో ఉన్నవి వరుసగా అమర్చిన నూనె దీపాలే. మార్బుల్‌హెడ్‌లో మొదట 13 దీపాలు, ఒక్కొక్కదాని వెనుక 16 అంగుళాల లోహపు పళ్లెం ఉండేవి. బోలుగా చుట్టిన వత్తి లోపలి నుంచి కూడా గాలి వెళ్లేలా చేసి, పైన గాజు చిమ్నీ పెట్టిన ఆ దీపాన్ని 1780లో ఆర్గాండ్ అనే స్విట్జర్లాండ్ దేశస్థుడు కనిపెట్టాడు. దానికి ఒక నాసి నకలును విన్‌స్లో లూయిస్ అనే ఓడ కెప్టెన్ 1812లో అమెరికా ప్రభుత్వానికి అమ్మాడు. 1820 నుంచి 1852 వరకు లైట్‌హౌస్‌ల వ్యవహారం మొత్తం స్టీఫెన్ ప్లెజన్‌టన్ అనే ఖజానా అధికారి చేతిలో ఉండేది. ఆయనకు పొదుపు తెలుసు, దీపాలు తెలియవు. ఫ్రాన్స్‌లో ఆగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించిన కొత్త కటకం 1823లోనే కార్డువాన్ దీపస్తంభంలో వెలిగినా, ఖరీదు ఎక్కువన్న కారణంతో అమెరికా ముప్ఫై ఏళ్లు దాని జోలికి పెద్దగా పోలేదు. 1852లో లైట్‌హౌస్ బోర్డు ఏర్పడి, ఇంజనీర్లు, నౌకాధికారులు పెత్తనం తీసుకున్న తరువాతే ఆ కటకాలు సరస్సులకు చేరాయి. అందువల్ల 1852కు ముందు కట్టిన స్తంభంలో ఫ్రెనెల్ కటకం కనబడితే, అది తరువాత అమర్చినదనీ, దానికోసం పై గదిని కూడా మార్చి ఉండవచ్చుననీ ఊహించుకోవచ్చు.

ఆ కటకం కిటుకు తెలుసుకుంటే చూపు మారుతుంది. పెద్ద కుంభాకార కటకం చేయాలంటే నడుమ గాజు చాలా మందంగా ఉండాలి. అది బరువు, పైగా కాంతిని మింగుతుంది. కాంతిని వంచేది గాజు ఉపరితలం వంపే గనుక, లోపలి అనవసరపు గాజును తీసేసి, ఆ వంపును మాత్రం వలయాలు వలయాలుగా ఉంచితే చాలునని ఫ్రెనెల్ గ్రహించాడు. నడిమి వలయాలు కాంతిని వక్రీభవనంతో వంచుతాయి. పైనా కిందా ఉన్న పట్టకాలు సంపూర్ణాంతర పరావర్తనంతో, ఆకాశంలోకీ నేలలోకీ వృథాగా పోయే కాంతిని కూడా సరస్సు వైపు తిప్పుతాయి. ఒక్క చిన్న మంట చుట్టూ గాజు తేనెపట్టు కట్టినట్టు ఉంటుంది. పరిమాణాన్ని బట్టి వీటిని తరగతులుగా విభజించారు: మంట నుంచి కటకం వరకు దూరం మొదటి తరగతిలో 920 మిల్లీమీటర్లు, మూడో తరగతిలో 500, నాలుగో తరగతిలో 250, ఆరో తరగతిలో 150. సరస్సుల మీద ఎక్కువగా కనబడేవి మూడు, మూడున్నర, నాలుగు తరగతులు. గ్రోస్ పాయింట్‌లోని రెండో తరగతి కటకం ఈ ప్రాంతానికి అరుదైనది. ఇత్తడి చట్రం అడుగున తయారీదారు పేరున్న చిన్న పలక ఉంటుంది, దాన్ని వెతకండి. స్ప్లిట్ రాక్ కటకాన్ని చేసినది పారిస్‌లోని బార్బియే, బెనార్, ట్యురెన్ సంస్థ.

కటకం తిరిగేదా, కదలనిదా అన్నది కూడా గమనించండి. తిరిగేదైతే స్తంభం నడుమ బరువు దిగే దారి ఉంటుంది. గోడ గడియారంలో లాగానే, వేలాడే బరువు మెల్లగా దిగుతూ కటకాన్ని తిప్పేది; స్ప్లిట్ రాక్‌లో కాపరులు రెండు గంటలకొకసారి చేత్తో తిప్పి ఆ బరువును పైకి తెచ్చేవారు. రెండు ముఖాలున్న ఆ కటకం పాదరసం మీద తేలుతూ తిరిగి, పది సెకన్లకొక మెరుపు ఇచ్చేది. నావికుడు ఆ వ్యవధిని లెక్కపెట్టి ఇది ఫలానా దీపమని పోల్చుకునేవాడు. తెల్లవారులూ ఎవరో ఒకరు మేలుకొని ఉండవలసిందే.

చమురు కొట్టు

స్తంభానికి కాస్త ఎడంగా, కిటికీలు లేని చిన్న గది ఒకటి ఇటుకతోనో ఇనుముతోనో కట్టి ఉంటే, అది చమురు కొట్టు. మొదట తిమింగలం నూనె, అది ప్రియమయ్యాక 1860ల నుంచి పంది కొవ్వు నూనె, ఆ తరువాత కిరోసిన్ వాడారు. మొదటి రెండూ ఇంట్లో పెట్టుకున్నా పెద్ద ప్రమాదం లేదు. కిరోసిన్ వచ్చాక అగ్నిభయంతో విడిగా కొట్లు కట్టించారు. కాబట్టి పాత స్తంభం పక్కన ఆ గది కనబడితే, అది తరువాతి కాలపు చేర్పు.

కాపరులు

ఇండియానాలోని మిషిగన్ సిటీలో హారియట్ కోల్‌ఫాక్స్ 1861 నుంచి 1904 వరకు, 43 ఏళ్లు, దీపాన్ని కాపాడింది. ఆమె బంధువు స్కైలర్ కోల్‌ఫాక్స్ అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు, ఉద్యోగం రావడానికి ఆ పలుకుబడి తోడ్పడి ఉంటుంది. ఉద్యోగం నిలబెట్టుకున్నది మాత్రం ఆమె పనితనమే. ఇంటి దగ్గరి దీపంతో పాటు, నీటిలోకి చొచ్చుకుపోయిన పియర్ చివర మరో దీపం కూడా ఆమె బాధ్యతే. చలి రాత్రుల్లో పంది కొవ్వు నూనెను పొయ్యి మీద కాచి, అలలు మీద పడుతుండగా పియర్ మీద నడిచి వెళ్లేసరికి, ఆ నూనె మన ఇళ్లల్లో శీతాకాలపు కొబ్బరినూనెలా పేరుకుపోయేది. తిరిగి వచ్చి, మళ్లీ కాచి, మళ్లీ వెళ్లవలసి వచ్చేది. ఇప్పటి మిషిగన్ సిటీ పియర్ మీద, నేలకు ఎత్తుగా కట్టిన ఇనుప నడకదారి కనబడుతుంది. అలాంటి నడకదారి ఎక్కడ చూసినా, కింది పియర్ మీద మంచు, అలలు కలిసి మనిషిని నిలవనివ్వని రోజులుండేవని అర్థం చేసుకోండి.

మార్బుల్‌హెడ్ మొదటి కాపరి బెనజా వూల్‌కాట్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాడు. 1832లో కలరాతో చనిపోగా, భార్య రేచెల్ ఆ పని అందుకొని, మహా సరస్సుల మీద తొలి మహిళా కాపరిగా చరిత్రకెక్కింది. మిషిగన్ సరస్సులోని బీవర్ దీవిలో ఎలిజబెత్ విట్నీ 1872లో నీళ్లలో భర్తను పోగొట్టుకొని, అదే దీపానికి కాపరి అయింది. అలాంటి స్త్రీలు మరికొందరు ఉన్నారు. భర్త బతికి ఉండగానే సగం పని భార్యలు, పిల్లలు చేస్తుండేవారు గనుక, భర్త పోయినప్పుడు పని తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉండేది. ఫలకాల మీద పురుషుల పేర్లే ఉంటే, ఇంటి భాగాన్ని చూపించే వలంటీరును భార్య పేరు అడగండి. వారిలో చాలామందికి తెలిసే ఉంటుంది.

కాగితాలు

1872 నుంచి అమెరికాలో ప్రతి కాపరీ రోజువారీ లాగ్‌బుక్ రాయడం తప్పనిసరి అయింది. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 26 అని అడిగితే లైట్‌హౌస్‌లకూ కోస్ట్ గార్డ్‌కూ సంబంధించిన పత్రాలు ఉంటాయి. లాగ్‌బుక్‌లో నవలను ఆశించవద్దు: గాలి ఎటు, ఏ ఓడ వెళ్లింది, ఎన్ని గ్యాలన్ల నూనె ఖర్చయింది, ఏ తలుపుకు రంగు వేశారు, ఇవే పేజీల తరబడి ఉంటాయి. ఆ పొడి వాక్యాలను ఓపికగా చదివితేనే ఒక తుపాను రాత్రి ఒక్కసారిగా కళ్లకు కడుతుంది. వీటితో పాటు లైట్‌హౌస్ బోర్డు ఏటా ప్రచురించిన నివేదికలు, దీపాల జాబితాలు, జనాభా లెక్కల పత్రాలు చూడండి. దీపం రంగు, మెరుపు వ్యవధి, స్తంభం ఎత్తు ఎప్పుడు మారాయో దీపాల జాబితాల్లో ఉంటుంది. కాపరి ఇంట్లో ఎవరెవరు ఉండేవారో జనాభా లెక్కల్లో ఉంటుంది. పత్రాల మీద సంస్థ పేరు మారుతుంటే తికమకపడవద్దు: 1852 నుంచి 1910 వరకు బోర్డు, అక్కడి నుంచి 1939 వరకు బ్యూరో, ఆ తరువాత కోస్ట్ గార్డ్.

ఇప్పుడు కథ

ఇంతవరకు వచ్చాక దెయ్యాన్ని పిలవవచ్చు. పద్ధతి చూపించడానికి టొరాంటో దీవుల మీద ఉన్న జిబ్రాల్టర్ పాయింట్‌ను తీసుకుంటాను. 1808లో కట్టిన ఈ స్తంభం మహా సరస్సుల మీద నేటికీ నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. దాని మొదటి కాపరి జాన్ పాల్ రాడెల్‌ముల్లర్, జర్మనీలో పుట్టినవాడు. 1815 జనవరి 2 రాత్రి, సమీపపు కోట సైనికులు అతడి దగ్గర బీరు తాగడానికి వచ్చి, గొడవపడి, చంపి, శవాన్ని ముక్కలు చేసి పాతిపెట్టారని, నాటి నుంచి అతడి ఆత్మ లాంతరు పట్టుకొని తిరుగుతున్నదని కథ. 1893లో అప్పటి కాపరి జార్జ్ డర్నన్ దగ్గర్లో తవ్వి చూడగా దవడ ఎముక ముక్క, శవపేటిక అవశేషాలు దొరికాయని కూడా చెబుతారు.

మొదట అడగవలసిన ప్రశ్న: ఈ కథలో ఏ భాగం ఆ రోజుల్లోనే రాయబడింది, ఏ భాగం తరువాత వచ్చి చేరింది? హత్య జరగడం, ఇద్దరు సైనికుల మీద విచారణ జరగడం, వారు నిర్దోషులుగా విడుదల కావడం, ఇవి 1815 నాటి ఆధారాల్లోనే ఉన్నాయి. శవాన్ని ముక్కలు చేయడం, ఆత్మ తిరగడం, ఇవి చాలా కాలం తరువాత నోటిమాటగా వచ్చి అచ్చులోకి ఎక్కినవి. ఎముకల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి: ముక్కలు చేసి రహస్యంగా పాతినవాడికి శవపేటిక ఎక్కడి నుంచి వచ్చింది? కథలోని రెండు భాగాలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయంటే, అవి వేర్వేరు కాలాల్లో వేర్వేరు నోళ్లలో పుట్టాయని అర్థం. శిక్ష పడని హత్య ఒకటి నిజంగా జరిగింది. ఊరు దాన్ని మరిచిపోలేక దెయ్యంగా దాచుకుంది. నాకు దెయ్యం కంటే ఆ విడుదలే ఎక్కువ కలత పెట్టింది. మరో మాట: కట్టినప్పుడు నీటి అంచునే ఉన్న ఆ స్తంభం ఇసుక మేట వేయడంతో ఇప్పుడు ఒడ్డుకు దూరంగా చెట్ల మధ్య నిలబడి ఉంది. అక్కడ దీపస్తంభం ఎందుకుందని పిల్లలు అడిగితే ఈ జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

కొన్ని కథలకు అలాంటి ఆధారం కూడా ఉండదు. మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోని సెల్ షువా లైట్‌హౌస్‌లో, 1910లో అక్కడే చనిపోయిన కాపరి జోసెఫ్ టౌన్‌సెండ్ చుట్ట వాసన ఇప్పటికీ వస్తుందంటారు. హ్యూరన్ సరస్సు మీద ప్రెస్క్ ఐల్‌లోని 1840 నాటి పాత స్తంభంలో, దీపమే లేని గదిలో రాత్రిపూట వెలుగు కనబడుతుందంటారు. మొదటిదాన్ని పరీక్షించే మార్గం లేదు, కథగా వినడమే మర్యాద. రెండోదాన్ని మీరే పరీక్షించవచ్చు: పై గదికి నలువైపులా గాజు పలకలుంటాయి కాబట్టి, వెలుగు కనబడిన చోటే నిలబడి, కారు దీపాలు, చంద్రుడు, దూరపు ఇళ్ల వెలుగు ఏ కోణంలో వాటి మీద పడుతున్నాయో చూసి, పది అడుగులు పక్కకు జరగండి. వెలుగు మీతో పాటు జరిగినా, మాయమైనా అది ప్రతిబింబం. వలంటీర్లతో వాదన పెట్టుకోవద్దు; ఆ కథ విని వచ్చే టికెట్ డబ్బుతోనే చాలాచోట్ల పైకప్పు మరమ్మతులు జరుగుతున్నాయి.

నమ్మశక్యం కానట్టు వినిపించే మాటలన్నీ అబద్ధం కావు. సుపీరియర్ తన మృతులను తిరిగి ఇవ్వదని నావికులు అంటారు. ఆ నీరు ఎంత చల్లనిదంటే, మునిగిన శరీరంలో సూక్ష్మజీవులు పెరిగి వాయువు పుట్టడం దాదాపు జరగదు, కాబట్టి శవాలు పైకి తేలవు. 1933లో జార్జ్ ఎం. కాక్స్ అనే ఓడ పొగమంచులో సుపీరియర్ మీది రాక్ ఆఫ్ ఏజెస్ దీపం దగ్గరి బండల మీదికి ఎక్కినప్పుడు, వందకు పైగా మంది ఆ ఒంటరి స్తంభంలోని మెలికల మెట్ల మీద కిక్కిరిసి రాత్రంతా గడిపి, అందరూ బతికి బయటపడ్డారు. ఇది ఏ దెయ్యం కథకూ తీసిపోదు, పైగా జరిగింది.

ప్రయాణానికి

చాలా లైట్‌హౌస్‌లు మే చివరి నుంచి అక్టోబరు వరకే తెరుస్తారు. ఎక్కడానికి పిల్లలకు ఎత్తు నియమం ఉంటుంది, వెళ్లే ముందే కనుక్కోండి; అంత దూరం వెళ్లాక చిన్నవాడిని కిందే ఆపితే వాడి ఏడుపు ఇల్లు చేరేదాకా ఆగదు. బిగ్ సేబుల్‌కు కారు వెళ్లదు, పార్కు నుంచి దాదాపు రెండు మైళ్లు నడవాలి, పైగా 130 మెట్లు. చీర, చెప్పులు ఆ దారికి పనికిరావు. పెద్దవాళ్లను తీసుకువెళ్లాలంటే గ్రోస్ పాయింట్, మార్బుల్‌హెడ్, ఫోర్ట్ గ్రేషియట్ మేలు, వాటిని కింద నుంచి చూసినా తృప్తిగా ఉంటుంది.

పియర్ చివరి దీపాల దగ్గర మాత్రం జాగ్రత్త చాలా అవసరం. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా గాలి బలంగా వీస్తే అల పియర్ మీదికి ఎక్కి మనిషిని ఈడ్చుకుపోతుంది. పియర్ తడిగా కనబడుతోందంటే అల అంతవరకు వస్తోందని అర్థం, అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. చలికాలంలో మిషిగన్ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ దీపం మంచు తొడుగు వేసుకొని అద్భుతంగా ఉంటుంది. దాన్ని ఒడ్డు నుంచే ఫోటో తీయండి, మంచు కట్టిన పియర్ మీద అడుగు పెట్టవద్దు.

సంవత్సరంలో ఒక్క రోజే వెళ్లగలిగితే నవంబరు 10న స్ప్లిట్ రాక్‌కు వెళ్లండి. 1975లో అదే తేదీన ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఖనిజపు ఓడ సుపీరియర్ మీద వైట్‌ఫిష్ పాయింట్‌కు 17 మైళ్ల దూరంలో 29 మందితో మునిగిపోయింది. ఆ రాత్రి వైట్‌ఫిష్ పాయింట్ దీపం, రేడియో సంకేతం తుపానులో ఆగిపోయి ఉన్నాయి. స్ప్లిట్ రాక్ దీపం 1969లోనే సెలవు తీసుకున్నా, ప్రతి ఏటా ఆ సాయంత్రం పేర్లు చదువుతూ 29 సార్లు గంట కొట్టి, ఆ తరువాత దాన్ని వెలిగిస్తారు. నవంబరులో అక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది, కొండ మీద గాలి కోటును చీల్చుకొని లోపలికి వస్తుంది. చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ, ఫ్లాస్కులో టీ తీసుకొని, మూడింటికే చేరుకోండి.